అమ్మ కోసం అంత ప్రార్థించాం. దేవుడికి ముందే అన్నీ తెలిసినప్పుడు అడగడం ఎందుకు?

మల్లెమొగ్గ (రాత్రి 11:42)

అందరికీ వందనాలు. చాలా కాలంగా ఇక్కడ మీరు రాసేవి చదువుతున్నాను. రాయడం ఇదే మొదటిసారి.

అమ్మ పోయి పదకొండు నెలలైంది. రెండు కిడ్నీలూ పాడయ్యాయి, వారానికి మూడుసార్లు డయాలసిస్. మా సంఘమంతా ఆమె కోసం ప్రార్థించింది. ఇరవై ఒక్క రోజులు చైన్ ప్రేయర్ పెట్టారు, ఒక్కొక్కరు ఒక్కో గంట. తెల్లవారుజామున మూడు నుంచి నాలుగు వరకు నా వంతు. ఆ గంటలో నేను ఏడ్చినట్టు జీవితంలో ఎప్పుడూ ఏడవలేదు. ఇరవయ్యో రోజున అమ్మ వెళ్లిపోయింది. ఇరవై ఒకటో రోజుకి పేర్లు రాసి ఉన్న కాగితం ఇంకా చర్చి గోడకి అలాగే ఉంది.

ఆదరణ కూడికకి వచ్చిన ఒక పెద్దాయన అందరి ముందూ, "ఇంట్లో ఎక్కడో విశ్వాసం తగ్గింది, పరీక్షించుకోండి" అన్నారు. అది నా గురించేనేమో అని నాకు అనిపించింది.

అప్పటి నుంచి మోకాళ్ల మీద కూర్చుంటున్నాను కానీ మాట రావడం లేదు. మనం అడగక ముందే మనకి ఏం కావాలో తండ్రికి తెలుసని మత్తయి ఆరో అధ్యాయంలో ఉంది కదా. తెలిసినప్పుడు, ఆయన ముందే నిర్ణయించేసినప్పుడు, మనం అడగడం దేనికి? ఎవరినీ తప్పు పట్టడానికి అడగడం లేదు. నిజంగా తెలుసుకోవాలని ఉంది.

అగ్ని_జ్వాల (రాత్రి 11:58)

ప్రైజ్ ద లార్డ్ సిస్టర్. మీ బాధ అర్థమైంది. కానీ విశ్వాసంతో చేసే ప్రార్థన రోగిని స్వస్థపరుస్తుందని యాకోబు పత్రిక ఐదో అధ్యాయం చెబుతోంది. వాక్యం అబద్ధం కాదు. మనవైపు ఏదో అడ్డు ఉంటే తప్ప జవాబు ఆగదు. నిరుత్సాహపడకుండా ఉపవాసం కొనసాగించండి. దేవుడు మిమ్మల్ని బలపరుస్తాడు.

మల్లెమొగ్గ (రాత్రి 12:07)

బ్రదర్, మా అమ్మ చనిపోయింది. ఇంక దేని కోసం ఉపవాసం ఉండాలి?

మెదక్_మాస్టారు (ఉదయం 5:20)

అమ్మా, పొద్దున్నే లేచి నీ ప్రశ్న చూశాను. నేను రిటైరైన టీచర్ని, సి.ఎస్.ఐ. సంఘంలో నలభై ఏళ్లుగా సండే స్కూల్ చెప్పాను. ఆ పెద్దాయన అన్న మాట ముందు పక్కన పెట్టేద్దాం. అది వాక్యం చెప్పిన మాట కాదు. ఊరికే అనడం లేదు, అపొస్తలుల కార్యములు పన్నెండో అధ్యాయం తీసి చూడు.

హేరోదు రాజు యోహాను సహోదరుడైన యాకోబుని కత్తితో చంపించాడు. అది రెండో వచనం. దాని గురించి అంతకు మించి ఒక్క మాట లేదు. తర్వాత పేతురుని పట్టుకుని చెరసాలలో వేశాడు. సంఘం ఆసక్తితో ప్రార్థించింది, దేవదూత వచ్చి విడిపించాడు. సంఘం ఒక్కటే, రాజూ ఒక్కడే. యాకోబు పోయాడు, పేతురు బతికాడు. యాకోబు తల్లి పిల్లవాడి కోసం ప్రార్థించి ఉండదని అనుకోగలమా? ఆమె కొడుకుల్ని వెంటపెట్టుకుని నేరుగా యేసు దగ్గరికే వెళ్లి అడిగిన మనిషి.

ఇంకో సంగతి ఉంది. పేతురు వచ్చి మార్కు వాళ్ల అమ్మ ఇంటి తలుపు తట్టాడు. రొదే అనే చిన్నపిల్ల స్వరం గుర్తుపట్టి, సంతోషంలో తలుపు తీయడం కూడా మరిచిపోయి లోపలికి పరిగెత్తింది. ప్రార్థన చేస్తున్నవాళ్లు ఏమన్నారో చూడు. "నీకు పిచ్చి" అన్నారు. అడుగుతున్నవాళ్లకే నమ్మకం లేదు! అయినా పేతురు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. విశ్వాసం తూకం వేసి, సరిపోతే ఇస్తాను, తగ్గితే లేదు అనేవాడే మన దేవుడైతే ఆ రాత్రి పేతురు విడుదల కాకూడదు.

అగ్ని_జ్వాల బాబూ, నీ మీద కోపం లేదు. యాకోబు పత్రిక సత్యమే. కానీ పౌలు త్రోఫిముని మిలేతులో జబ్బుతోనే వదిలి వచ్చానని తిమోతికి రాశాడు. ఎఫెసులో ఆయన చేతి గుడ్డలు తాకితేనే రోగులు బాగయ్యేవాళ్లు. అదే పౌలు, అదే విశ్వాసం. తిమోతికి కడుపు జబ్బు తగ్గలేదు, కాస్త ద్రాక్షారసం తీసుకోమన్నాడు. నీ విశ్వాసం తగ్గింది అనలేదు.

కువైట్_సిస్టర్ (ఉదయం 6:03)

మల్లీ, నేను ఇక్కడ డయాలసిస్ వార్డులోనే నర్సుని. మీ అమ్మగారు ఆ నాలుగు గంటలు ఎలా పడుకుని ఉంటారో నాకు కళ్లకి కట్టినట్టు తెలుసు. చలి అంటారు, దుప్పటి అడుగుతారు, కాళ్లు పట్టేస్తాయి. ప్రతి పేషెంటుకీ సూది గుచ్చే ముందు మనసులో "ప్రభువా" అంటాను. అంతే, అంతకంటే టైమ్ ఉండదు. కొందరు బాగుంటారు, కొందరు వచ్చే వారానికి ఉండరు. తెల్లవారుజాము మూడు గంటలకి లేచి కూర్చున్న కూతురికి విశ్వాసం తక్కువని ఎవరంటారు?

గ్రీకు_క్లాసు (ఉదయం 9:15)

నేను వేదాంత కళాశాలలో మూడో సంవత్సరం చదువుతున్నాను. అక్కా, మీరు అడిగిన ప్రశ్న చాలా పాతది, చాలా పెద్దవాళ్లు అడిగింది. ఇది అడగడమే తప్పని ఎవరైనా అంటే నమ్మొద్దు. మూడో శతాబ్దంలో ఓరిగెన్ అనే క్రైస్తవ పండితుడు ప్రార్థన మీద ఒక పుస్తకం రాశాడు. దాని మొదట్లోనే, "దేవుడికి రాబోయేదంతా తెలుసు, ఆయన నిర్ణయం మారదు, అలాంటప్పుడు ప్రార్థన వృథా" అన్న వాదాన్ని పెట్టి దానికి జవాబు చెబుతాడు. స్నేహితుడు రాసి అడిగిన ప్రశ్న అది. మనుషులు స్వేచ్ఛగా చేసేవన్నీ దేవుడికి తెలుసు, వాళ్లు చేయబోయే ప్రార్థన కూడా ఆ తెలిసినవాటిలోనే ఉంది అంటాడు. మన ప్రార్థన ఆయన ప్రణాళికకి బయట నిలబడి తలుపు కొట్టేది కాదు. అందులోనే దానికి చోటు ఉంది.

నాకు ఇంకా దగ్గరగా అనిపించేది ఆఫ్రికాలో బిషప్పుగా ఉన్న అగస్టీను రాసిన ఉత్తరం. 410లో రోమ్ నగరం దోపిడీకి గురైనప్పుడు ప్రోబా అనే ధనిక వితంతువు ఆఫ్రికాకి వచ్చేసింది. ఎలా ప్రార్థించాలో చెప్పమని అగస్టీనుకి రాసింది. ఆయన జవాబులో సారాంశం ఇది: దేవుడికి తెలియజెప్పడానికి మనం అడగడం లేదు, ఆయనకి తెలియనిది లేదు. అడిగేకొద్దీ మన కోరిక పెరుగుతుంది, ఆయన ఇవ్వబోయేది పట్టేంత చోటు మనలో ఏర్పడుతుంది. ఇక్కడితో ఆగి ఉంటే అది ఒక మంచి ప్రసంగం అయ్యేది, అంతే. కానీ కష్టాల గురించి కూడా రాశాడు. కష్టం వచ్చినప్పుడు ఏం అడగాలో మనకి తెలియదు, అది పోవాలనే కోరుకుంటాం, అది మానవ సహజం అన్నాడు. పౌలు తన శరీరంలో "ముల్లు" అని చెప్పుకున్న బాధని తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడనీ, తీయలేదనీ గుర్తు చేశాడు. వితంతువుకి రాసిన ఉత్తరం కదా, ఆ మాటలు ఆమె ఎలా చదువుకుందో అని అప్పుడప్పుడు అనుకుంటాను.

దేవుడు మనసు మార్చుకుంటాడా అంటే, మొదటి సమూయేలు పదిహేనో అధ్యాయంలోనే రెండు మాటలూ ఉన్నాయి. పదకొండో వచనంలో సౌలుని రాజుగా చేసినందుకు పశ్చాత్తాపపడుతున్నాను అంటాడు. ఇరవై తొమ్మిదిలో ఆయన పశ్చాత్తాపపడడానికి మనిషి కాడు అని ఉంది. రాసినవాళ్లు చూసుకోక రెండూ ఉంచారని నేను అనుకోను. ఆయన గుణం మారదు. కానీ రాయిలా కదలనివాడు కాదు.

గుండ్లకమ్మ (ఉదయం 10:40)

మాది ఒంగోలు, బాప్టిస్టులం. మా ఊళ్లో ప్రార్థన కొండ గురించి చెప్పకుండా ఉండలేను. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికా మిషనరీ జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, కొందరు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి ప్రార్థించారు. అప్పటికి ఈ మిషన్‌ని మూసేద్దామని అమెరికాలో పదే పదే అనుకుంటున్నారు. ఆ రోజు ఏమీ జరగలేదు. ఆ ఏడూ జరగలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇరవై నాలుగేళ్లు!

దేవుడు ఆలస్యం చేస్తాడు కానీ మరచిపోడు అని మా తాతగారు దీన్ని చెప్పేవారు.

మల్లెమొగ్గ (ఉదయం 11:02)

అన్నా, సంఘానికి ఇరవై నాలుగేళ్లు ఆగే టైమ్ ఉంటుంది. మా అమ్మకి లేదు.

గుండ్లకమ్మ (ఉదయం 11:30)

నిజమే చెల్లీ. తొందరపడి రాశాను, క్షమించు.

అదే కథలో ఎక్కువగా చెప్పుకోని భాగం ఒకటి ఉంది. ఆ 1878కి ముందు రెండేళ్లు భయంకరమైన కరువు. అప్పటి మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి కూలి ఇప్పించారు. వాళ్లలో ఎక్కువ మంది మాదిగలు. తిండి కోసం చేరుతున్నారన్న మాట రాకూడదని, కరువు సాయం నడుస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. కొండమీద ప్రార్థనకీ నది ఒడ్డున బాప్తిస్మానికీ మధ్య, కాలువ గట్టు మీద ఎంతమంది తల్లులు పోయారో. వాళ్ల పిల్లలూ ప్రార్థించే ఉంటారు. నీ మాట చదివాక ఆ కథ నాకు వేరేగా వినిపిస్తోంది.

తులసికోట (మధ్యాహ్నం 2:15)

నమస్కారం. నేను హిందువుని, మా ఆవిడ క్రైస్తవురాలు. అందుకే ఇక్కడ చదువుతుంటాను. మధ్యలో వచ్చినందుకు ఏమీ అనుకోకండి. చాలాకాలంగా ఒక సందేహం ఉంది. మా ఆవిడ ఒకసారి "తండ్రీ" అంటుంది, ఒకసారి "యేసయ్యా" అంటుంది, చివర "యేసు నామమున అడుగుతున్నాం తండ్రీ, ఆమెన్" అంటుంది. పరిశుద్ధాత్మని కూడా రమ్మంటుంది. మీరు ప్రార్థించేది ఎవరికి? ముగ్గురికా, ఒక్కరికా? అమ్మాయి గారి ప్రశ్నకి దీనితో ఏమైనా సంబంధం ఉందా?

గ్రీకు_క్లాసు (మధ్యాహ్నం 3:50)

తులసికోట గారూ, చాలా సంబంధం ఉందండి. అడిగినందుకు సంతోషం.

త్రిత్వం, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒక్కడే దేవుడన్న నమ్మకం, ఎవరో గదిలో కూర్చుని లెక్కవేసి తేల్చింది కాదు. ఆరాధన ముందు వచ్చింది, దానికి మాటలు తర్వాత దొరికాయి. తొలి క్రైస్తవులు యూదులు. దేవుడు ఒక్కడే అని రోజూ చెప్పుకునేవాళ్లు. అలాంటివాళ్లలో స్తెఫను చనిపోతూ "యేసు ప్రభువా, నా ఆత్మను చేర్చుకో" అన్నాడు. యూదుడు ప్రాణం అప్పగించేది దేవుడికే. 112 ప్రాంతంలో ప్లినీ అనే రోమా గవర్నరు క్రైస్తవుల గురించి చక్రవర్తి ట్రాజన్‌కి ఉత్తరం రాశాడు. వీళ్లు ఒక నిర్ణీత దినాన తెల్లవారకముందే చేరి, క్రీస్తుని దేవుడిగా ఎంచి పాట పాడుకుంటారు అన్నాడు. క్రీస్తు దేవుడేనని ప్రకటించిన నైసియా సభకి ఇంకా రెండు వందల ఏళ్లు ఉంది.

నాలుగో శతాబ్దంలో బాసిల్ అనే బిషప్పు మీద గొడవ జరిగింది. ఆయన స్తుతి చెప్పేటప్పుడు ఒకసారి "కుమారుని ద్వారా, పరిశుద్ధాత్మలో, తండ్రికి మహిమ" అనేవాడు. ఇంకోసారి "కుమారునితోను పరిశుద్ధాత్మతోను కూడ తండ్రికి మహిమ" అనేవాడు. రెండోది తప్పన్నారు. రెండూ సరైనవేనని ఆయన ఒక పుస్తకమే రాశాడు. 381లో కాన్‌స్టాంటినోపిల్ సభ ఆత్మ గురించి, తండ్రితో కుమారునితో కూడ ఆరాధింపబడేవాడు అని విశ్వాస ప్రమాణంలో చేర్చింది. మీ ఆవిడ గారు రోజూ చేసేది సరిగ్గా అదే. తండ్రికి, కుమారుని ద్వారా, ఆత్మలో. ఒక్కడే దేవుడు.

ఇప్పుడు అక్క ప్రశ్న. రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయంలో, మనం ఎలా ప్రార్థించాలో మనకి తెలియదు గనుక "ఉచ్చరింపశక్యముకాని మూలుగులతో" ఆత్మ మన పక్షంగా విజ్ఞాపన చేస్తున్నాడని పౌలు రాశాడు. కొన్ని వచనాల తర్వాత క్రీస్తు దేవుని కుడిపక్కన ఉండి మన కోసం విజ్ఞాపన చేస్తున్నాడు అంటాడు. వినేవాడు తండ్రి. మనలో మూలిగేవాడు ఆత్మ. అటు నిలబడి మాట్లాడేవాడు కుమారుడు. అంటే ప్రార్థన మనం కింద మొదలుపెట్టి పైకి పంపేది కాదు. దేవుడిలోనే ఎప్పటినుంచో జరుగుతున్న దానిలోకి మనల్ని కలుపుకోవడం.

అక్కా, మీకు మాట రావడం లేదన్నారు. మూలుగు వస్తోందా? అది ఎవరిదో పౌలు చెప్పాడు.

మల్లెమొగ్గ (సాయంత్రం 4:30)

చివరి రెండు వాక్యాలు మూడుసార్లు చదివాను.

జపమాల (సాయంత్రం 6:10)

మేము ఆర్.సి.ఎం. వాళ్లం, అంటే కాథలిక్కులం, విజయవాడ. నేను గుణదల కొండ కిందే పుట్టి పెరిగాను. ఫిబ్రవరి తిరునాళ్లకి ఎంతెంత దూరం నుంచో నడిచి వచ్చేవాళ్లని చూస్తూ పెద్దదాన్నయ్యాను. అందరూ అడగడానికే వస్తారు. పిల్లల కోసం, ఉద్యోగం కోసం, తాగుడు మానాలని. చిన్నప్పుడు మా నాన్నని అడిగాను, ఇంతమందిలో ఎంతమందికి జరుగుతుంది అని. "అందరూ కొవ్వొత్తి వెలిగించే వెళ్తారు కదమ్మా" అన్నాడు. అప్పుడు అర్థం కాలేదు.

మల్లీ, మాకు ఒక ఊరట ఉంది. పూజలో చనిపోయిన వాళ్ల పేర్లు చెప్పి ప్రార్థిస్తాం. మా అమ్మ కోసం ఇప్పటికీ చేస్తాను. ఆమె కోసం ప్రార్థించడం ఇరవయ్యో రోజుతో ఆగిపోలేదు.

గుండ్లకమ్మ (సాయంత్రం 6:45)

అక్కా, మీ ప్రేమని కాదనడం లేదు. కానీ మా నమ్మకం ప్రకారం విశ్వాసంలో నిద్రించినవారు క్రీస్తు దగ్గర ఉన్నారు. వాళ్ల కోసం ఇంక అడగాల్సింది లేదు, కృతజ్ఞత చెప్పడమే. ఈ చెల్లి ఇప్పటికే తికమకలో ఉంది.

జపమాల (సాయంత్రం 7:00)

సరే తమ్ముడూ, ఆ తేడా మన మధ్య ఎప్పటినుంచో ఉన్నదే, ఈ ఒక్క చర్చలో తీరేది కాదు. ఆమె తల్లి దేవుని చేతిలో ఉందన్నంత వరకు ఇద్దరం ఒకటే కదా. అక్కడితో ఆపుదాం.

మెదక్_మాస్టారు (రాత్రి 8:25)

చదువుకునే బాబు బాగా చెప్పాడు. నేను తెలుగు టీచర్ని గనుక ఒక చిన్న విషయం కలుపుతాను.

ప్రభువు నేర్పిన ప్రార్థన "మా తండ్రీ" అని మొదలవుతుంది. మన తెలుగువాళ్లం ఒంటరిగా ఉన్నా "మా నాన్న", "మా ఇల్లు" అంటాం. "నా నాన్న" అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. అందుకే ఆ "మా" మనకి ఇంట్లో మాటలా హాయిగా ఉంటుంది, కానీ అందులో ఉన్న బహువచనం మన దృష్టికి రాదు. గ్రీకులో అది నిజంగా బహువచనమే. మాకు ఆహారం దయచేయి, మా అప్పులు క్షమించు, మమ్మల్ని తప్పించు. మొదటి నుంచి చివరి దాకా "నా" అన్న మాట లేదు. తలుపు వేసుకుని రహస్యంగా ప్రార్థించమని చెప్పిన అధ్యాయంలోనే, ఆ మూసిన గదిలో కూడా "మా" అనమన్నాడు.

అంటే నువ్వు చెప్పలేని రోజున ఆ ప్రార్థన ఆగదమ్మా. ఆ గదిలో నీతోపాటు మేమూ ఉన్నాం.

ఇంకొకటి. ఇంట్లో నాన్నని "మీరు" అనే మనుషులు కూడా ప్రార్థనలో దేవుడిని "నీవు" అనే అంటారు. మా తాత తహసీల్దారుని చూసి వణికేవాడు. ప్రార్థనలో మాత్రం "నువ్వు వినాలి" అని గట్టిగా అడిగేవాడు. కీర్తనలు చూడు. పదమూడో కీర్తన "ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు" అని నిలదీస్తుంది. ఎనభై ఎనిమిదో కీర్తన చీకటి అన్న మాట దగ్గర ఆగిపోతుంది, ఒక్క ఊరట మాట కూడా లేకుండా. అలాంటిదాన్ని ప్రార్థన పుస్తకంలో నుంచి తీసేయలేదు. పరిశుద్ధ గ్రంథంలో ఉంచారు, ఆరాధనలో చదువుతున్నాం.

సిలువకి ముందు గెత్సేమనే తోటలో కుమారుడే అడిగాడు, ఈ గిన్నె తీసేయమని. తీయలేదు. కానీ హెబ్రీ పత్రిక ఐదో అధ్యాయం ఏడో వచనం చూడు. కన్నీళ్లతో ప్రార్థించాడు, "అంగీకరింపబడెను" అని ఉంది. సిలువ తప్పలేదు, మూడో రోజు వరకు సమాధి ఉంది. అయినా తండ్రి విన్నాడు అని రాసింది. వినడం వేరు, మనం అడిగిన రోజున అడిగినట్టు ఇవ్వడం వేరు. ఈ వచనం నేను యాభై ఏళ్లు చదివాను. మా చిన్నవాడు పోయాకే నాకు కనిపించింది.

కువైట్_సిస్టర్ (రాత్రి 8:40)

మాస్టారూ, మీ అబ్బాయి సంగతి మాకు తెలియదు. ప్రభువు మీకు తోడుగా ఉండాలి.

అగ్ని_జ్వాల (రాత్రి 10:55)

సిస్టర్, పొద్దున్నుంచి ఈ చర్చ చదువుతూనే ఉన్నాను. మీరు నన్ను అడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. నేను రాసింది తప్పు. క్షమించండి.

నేను ఎందుకు అలా రాశానో చెబుతాను. నేను పదహారేళ్ల వయసులో టైఫాయిడ్‌తో చావు దాకా వెళ్లాను. మా అమ్మ ప్రార్థించింది, బతికాను. అప్పటి నుంచి ప్రతి కూడికలో ఆ సాక్ష్యం చెబుతున్నాను. అదే వార్డులో పక్క మంచం మీద నా వయసు కుర్రాడు ఉండేవాడు. వాళ్ల అమ్మ కూడా రాత్రంతా మోకాళ్ల మీదే ఉండేది. ఆ కుర్రాడు పోయాడు. ఇన్నేళ్లలో నా సాక్ష్యంలో ఆ పక్క మంచం గురించి ఒక్కసారి కూడా చెప్పలేదు. చెబితే నా సాక్ష్యం బలహీనపడుతుందనుకున్నాను.

దేవుడు స్వస్థపరుస్తాడని ఇప్పటికీ నమ్ముతాను. నన్ను బాగుచేశాడు. కానీ ఆ తల్లికి విశ్వాసం తక్కువని మాత్రం ఇంక ఎప్పుడూ అనలేను.

మల్లెమొగ్గ (రాత్రి 11:20)

బ్రదర్, క్షమించమనొద్దు. మీరు రాసింది చదివి చాలాసేపు ఏడ్చాను. ఈసారి అది కొంచెం వేరే ఏడుపు.

మల్లెమొగ్గ (తొమ్మిది రోజుల తర్వాత, రాత్రి 9:05)

అందరికీ వందనాలు. చెప్పాలనిపించి వచ్చాను.

నిన్న ఇంట్లో కుటుంబ ప్రార్థనలో నాన్న నన్ను ప్రార్థించమన్నారు. "పరలోకమందున్న మా తండ్రీ" అన్నాను. అక్కడ ఆగిపోయాను. ఇంతకుముందైతే టెన్షన్ పడి ఏదో ఒకటి చెప్పి ముగించేదాన్ని. నిన్న ఊరికే ఆగాను. తమ్ముడు అందుకున్నాడు, నాన్న కలిశారు, చివరి వరకు వాళ్లే చెప్పారు. మాస్టారు రాసిన "మా" గుర్తొచ్చింది.

అమ్మ ఎందుకు పోయిందో నాకు ఇంకా తెలియదు. అడుగుతూనే ఉన్నాను, "నువ్వు" అనే అడుగుతున్నాను.

వచ్చే శనివారం అమ్మ ఏడాది జ్ఞాపకార్థ కూడిక. ఏ కీర్తన చదవాలో నన్నే ఎంచుకోమన్నారు పాస్టరు గారు. ఎనభై ఎనిమిది అన్నాను. ఆయన ఒక నిమిషం ఆలోచించి, "అది చదివాక ఏం మాట్లాడాలమ్మా?" అన్నారు. ఏమీ మాట్లాడకండి, కాసేపు అందరం కూర్చుందాం అన్నాను. సరే అన్నారు. ఇరవై ఒకటో రోజు మిగిలిపోయిన ఆ కాగితం కూడా తీసి ఇమ్మని అడిగాను. ఆ రోజు గంటలు ఎవరెవరివో వాళ్ల పేర్లు అందులో ఉన్నాయి. వాళ్లని ముందు వరుసలో కూర్చోబెడతాను.

జపమాల (రాత్రి 9:20)

మీ అమ్మగారి పేరు చెప్పు తల్లీ. ఆ రోజు పూజలో చెప్పిస్తాను. మీరు మీ పద్ధతిలో చేసుకోండి, నేను నా పద్ధతిలో.

గుండ్లకమ్మ (రాత్రి 9:26)

నేను కృతజ్ఞతలు చెబుతాను.

అగ్ని_జ్వాల (రాత్రి 9:31)

ఇరవై ఒకటో రోజున ఖాళీ గంట ఏదైనా ఉంటే నా పేరు రాయండి సిస్టర్.

కువైట్_సిస్టర్ (రాత్రి 9:48)

కూడిక ఎన్ని గంటలకి? సాయంత్రం ఆరు అయితే ఇక్కడ మధ్యాహ్నం మూడున్నర. రెండో బ్యాచ్ పేషెంట్లు మిషన్ మీద ఉంటారు. నేను వార్డులోనే ఉంటాను.